గీత కింద నంబరు

ఆ తెల్లవారుజామున కంప్యూటరు ముందు కూర్చుని మీట నొక్కేటప్పటికి గుమస్తా చేతిలో ఉన్న సరుకు ఇది: గాజుసామాన్ల గిడ్డంగిలో కిటికీ పక్కన ఒక బల్ల, బావమరిది పనికిరాదని ఇచ్చేసిన పాత కంప్యూటరు, అందులో తను సొంతంగా రాసుకున్న ఒక స్క్రిప్టు, ఆ స్క్రిప్టు తెచ్చిపెట్టిన మంచిపేరు. యాభైకి దగ్గరపడుతున్న మనిషికి ఇదేమీ పెద్ద ఆస్తి కాదు. కానీ పుట్టి బుద్ధెరిగాక అతను సొంతంగా తయారుచేసిన వస్తువు అదొక్కటే. మిగతాదంతా ఒకరు చెబితే రాసింది, ఒకరు పెడితే మోసింది.

రాత్రి దిగిన లారీలు చూసి, పింగాణీ పెట్టెల బరువు పనికి ఇంతమంది, చిల్లర పనికి ఇంతమంది అని అంకెలు కొట్టాడు. తెర మీద హమాలీల బిళ్ల నంబర్లు ఒకదాని కింద ఒకటి దిగాయి. సీజను పోయింది కాబట్టి జాబితా పొట్టిగా ఉంది. అదే జాబితాను స్క్రిప్టు ఒక ఫైల్లోకి రాస్తుంది. అలమరలో ఉన్న ఫోను పెట్టె ఆ ఫైలును పైనుంచి కింది దాకా చదివి, ఏ నంబరు బిళ్ల ఎవరిదో చూసుకుని, వాళ్ల ఫోన్లు మోగిస్తుంది. ఎత్తినవాళ్లకు గుమస్తా గొంతే వినిపిస్తుంది: "ఇవాళ పని ఉంది. రండి."

ఆ రెండు మాటలు రికార్డు చెయ్యడానికి ఒక ఆదివారమంతా పట్టింది. పక్కన కూర్చున్న భార్య, "పిలిచేటప్పుడు కూడా ఆ మొహం ఏంటండీ, కాస్త నవ్వుతూ పిలవండి" అంది. అందుకని ఆ గొంతులో కొంచెం నవ్వు ఉంటుంది. ఆ తర్వాత ఆవిడ వీధిలో అందరికీ చెప్పింది, మావారు ఒక్కసారి మీట నొక్కితే ఊరు ఊరంతా లేస్తుందని. బావమరిది మాత్రం, "బావా, గుడ్డివాడు రాయి విసిరినా ఒకటి తగులుతుందిలే" అన్నాడు. ఆ మాట గుమస్తాకు ఇంకా అరగలేదు.

వెలుతురు వచ్చేసరికి హమాలీలు వచ్చారు. వాళ్లలో చాలామంది గిడ్డంగి వెనక సందులోనే ఉంటారు. ఫోను మోగినా నమ్మకుండా గోడ అవతల నుంచే కేకేసి అడుగుతారు. మేస్త్రీ, "నీకు లేదురా, పడుకో" అంటే మళ్లీ ముసుగుతన్నుతారు. మిషను ఒకటీ అరా ఎక్కువ పిలుస్తుందని వాళ్లకు ఎప్పుడో తెలుసు. ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు, మేస్త్రీకి గానీ గుమస్తాకు గానీ చెప్పలేదు. పెళ్లిలో వడ్డించేవాడు ఒక ఆకు ఎక్కువ వేస్తే ఎవరు తగువుపడతారు?

అందరూ పనిలోకి దిగాక, మొదటి బస్సు దిగి ముసలాయన వచ్చాడు. చంకలో గుడ్డ పేలికలతో అల్లిన చుట్టకుదురు. నెత్తిన ఆ కుదురు, దాని మీద గ్లాసుల పెట్టె పెట్టుకుని నడిస్తే నీళ్లకుండ మోసే ఇల్లాలి నడక లాగా ఉండేది. ఊరి అవతలి కొసన కూతురింట్లో ఉంటాడు. బరువులు ఎత్తే వయసు దాటిపోయింది కాబట్టి జాబితాలో ఆయన నంబరు ఎప్పుడూ అన్నిటికంటే కిందే. పని తక్కువైన రోజున మొదట ఊడేది ఆ నంబరే.

గేటు దగ్గర మేస్త్రీ నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"ఏం తాతా, మళ్లీనా?"

"పిలిచారు మేస్త్రీ."

"ఎవరు పిలిచారు?"

ముసలాయన గడ్డంతో కిటికీ వైపు చూపించాడు. "ఇంకెవరు, మా గుమస్తా నాయనే. నవ్వుతూ పిలిచాడు. ఆ గొంతు నాకు తెలీదా?"

"ఇదిగో కాగితం. ఇందులో నీ నంబరుందా?"

"నాకు చదువే వస్తే నీ కింద పని ఎందుకు చేస్తాను, నీ పైనే చేద్దును."

షెడ్డులోంచి నవ్వులు వచ్చాయి. ఎవడో అరిచాడు: "పిలవని పేరంటం వచ్చిందిరోయ్, కుర్చీ వెయ్యండి!"

ఆ పేరు పెట్టింది గుమస్తానే. సీజను తగ్గిన కొత్తలో ఆయన రెండోసారి ఊరికే వచ్చినప్పుడు, టీ తాగుతూ సరదాకి అన్నాడు. పెట్టినవాడు మర్చిపోయినా పేరు నిలబడిపోయింది. అంగట్లో మంచి సరుకు కంటే ఎగతాళి తొందరగా అమ్ముడుపోతుంది.

ఈసారి మేస్త్రీ నవ్వలేదు. "చూడు తాతా, నిన్ను రోజూ వెనక్కి పంపించలేక నా నోరు పోతోంది. మొన్న షావుకారు గారు చూసి నన్నే అడిగారు, వీడికి మతి ఉందా అని. సాయంత్రం ఆయనొస్తారు. బిళ్ల ఇచ్చేసి, వేలిముద్ర వేసి వెళ్లిపో. ఇంట్లో కూర్చో, హాయిగా."

ముసలాయన చొక్కా మీద వేలాడే ఇత్తడి బిళ్లను చేత్తో పట్టుకున్నాడు. తాకి తాకి అందులో అంకెలు అరిగిపోయి ఉన్నాయి. వరండాలోకి వెళ్లి, తిరిగొచ్చిన పెట్టెల పక్కన గోడకు చేరగిలబడి కూర్చున్నాడు.

కిటికీలోంచి గుమస్తా ఇదంతా విన్నాడు. ఆయన మీద కోపం లేదు కానీ, తన స్క్రిప్టు మీద అపవాదు పడుతోందే అని కొంచెం కడుపు మండింది. అందులోనూ ఇవాళే షావుకారు రెండో గిడ్డంగికి కూడా ఈ ఏర్పాటు చేయించే సంగతి మాట్లాడతానన్నాడు. ఫైలు తెరిచి, ఆయన నంబరు లేదని అందరికీ చూపిస్తే నోళ్లు మూతపడతాయి. ఆ ఉద్దేశంతోనే, స్క్రిప్టు రాసిన ఇన్నాళ్లకు మొదటిసారి, అది రాసిన ఫైలును తెరిచాడు.

ఇన్నాళ్లూ అతను చూసింది తెర మీది జాబితానే. మేస్త్రీ చేతికిచ్చే కాగితమూ దాని నకలే. పెట్టె మూత మీద రాసింది చదివి, లోపల సరుకు అదేనని నమ్మినట్టు.

ఫైలు తెర మీది జాబితా కంటే పొడుగ్గా ఉంది.

పైనుంచి వేలు పెట్టి చదివాడు. ఇవాళ్టి నంబర్లన్నీ వరసగా ఉన్నాయి. అవి అయిపోయిన చోట ఆగలేదు. వాటి కింద ఇంకొన్ని ఉన్నాయి. అన్నిటికంటే కింద, చిట్టచివర, ముసలాయన బిళ్ల నంబరు ఉంది.

మొదట ఫోను పెట్టెను అనుమానించాడు. కానీ ఆ పెట్టె చదవడమే గానీ రాయదు. తర్వాత పాత కంప్యూటరును అనుమానించాడు, దానితోపాటు బావమరిదిని కూడా. పాడైన వస్తువును అంటగట్టాడని మనసులో నాలుగు తిట్టాడు. ఆపైన స్క్రిప్టు మధ్యలో ఒక వరుస చేర్చి, ఫైల్లోకి పంపే ప్రతి నంబరునూ తెర మీద కూడా చూపించమన్నాడు. నడిపించాడు. పంపినవి సరిగ్గా ఉన్నాయి. ముసలాయన నంబరు అందులో లేదు. ఫైలు మళ్లీ తెరిస్తే అడుగున ఉంది. ఇచ్చినవాడి చేతిలో లేనిది పుచ్చుకున్నవాడి చేతిలో ఎలా ఉంటుంది?

ఫైలునే తీసేసి మళ్లీ నడిపించాడు. ఈసారి కొత్త ఫైలు పుట్టింది. తెర మీద ఎన్ని ఉన్నాయో అందులోనూ అన్నే. గుమస్తా కుర్చీలో వెనక్కి వాలాడు. ఫైలు పాడైంది, అంతే, మన తప్పు కాదు. ఆ తృప్తి టీ చల్లారేంతసేపు కూడా నిలవలేదు. అతనిది అంగట్లో పెరిగిన బుద్ధి. త్రాసు సరిగ్గా ఉందనిపించినా పళ్లేలు మార్చి ఇంకోసారి తూచందే నమ్మదు. సీజను నాటి పెద్ద అంకెలు కొట్టి ఒకసారి, ఇవాళ్టి చిన్న అంకెలు కొట్టి ఒకసారి నడిపించాడు.

అప్పుడే షెడ్డంతా మోగింది.

ఫోను పెట్టె తీగ పీకడం మర్చిపోయాడు. ఫైలు మారిన కాసేపటికి గానీ అది చదవడానికి పూనుకోదు. అది తన ధర్మం తాను చేసుకుపోతోంది. బరువులు నెత్తిన పెట్టుకున్నవాళ్ల జేబుల్లో, గోడకు తగిలించిన చొక్కాల్లో, ఒకటి తర్వాత ఒకటి ఫోన్లు మోగాయి. "ఇవాళ పని ఉంది, రండి" అని గుమస్తా గొంతు నవ్వుతూ పిలిచింది.

"వచ్చే ఉన్నాం మహానుభావా! ఇంకెక్కడికి రమ్మంటావ్?" అని ఒకడు.

"కాపరానికి రమ్మంటున్నాడేమో చూడరా" అని ఇంకొకడు.

నవ్వులు. గుమస్తా లేచి తీగ పీకబోయాడు. పీకబోతూ కిటికీలోంచి వరండా వైపు చూశాడు.

ముసలాయన జేబులో ఫోను మోగుతోంది.

ఆయన దాన్ని బయటికి తియ్యలేదు. అరచేత్తో జేబును అదిమిపట్టుకున్నాడు, ఏడ్చే పిల్లవాడి నోరు మూసినట్టు. అటూ ఇటూ చూశాడు, ఇంకెవరికైనా వినబడుతోందా అని. ఎవరూ ఆయన వైపు చూడడం లేదు. అందరూ తమ ఫోన్లు చూసుకుని నవ్వుకుంటున్నారు. మోత ఆగేదాకా ఆయన చెయ్యి తియ్యలేదు. ఆగాక కూడా కాసేపు తియ్యలేదు.

గుమస్తా కిటికీ పక్కనుంచి తప్పుకున్నాడు. తీగ పీకాడు. కుర్చీలో కూర్చున్నాక తెలిసింది, పీకిన తీగ ఇంకా చేతిలోనే ఉందని.

కారణం వెతకాల్సిన పని లేకపోయింది. తలుపు వెనక గోడకు ఆనించిన నల్లబల్ల దానంతట అదే కనిపించింది.

కంప్యూటరు రాకముందు, అతని వయసులో సగభాగం, రోజూ పొద్దున ఆ బల్ల మీద సుద్దముక్కతో నంబర్లు రాసేవాడు. బల్ల మొత్తం ఎప్పుడూ తుడిచేవాడు కాదు. తుడిస్తే సుద్దపొడి గొంతులోకి పోయి దగ్గు. చొక్కా చేతి అంచుతో ఒక్కో వరుసా చెరుపుతూ, నిన్నటి నంబరు మీదే ఇవాళ్టి నంబరు రాసుకుంటూ దిగేవాడు. ఇవాళ్టివి అయిపోయిన చోట అడ్డంగా ఒక లావుపాటి గీత కొట్టేవాడు. గీత కింద నిన్నటివి అలాగే ఉండేవి. ఉన్నా పరవాలేదు. గీత పైన ఉన్నవాడికి పని, కింద ఉన్నవాడికి సెలవు. ఇది ఆ గిడ్డంగిలో గోడలకు కూడా తెలుసు.

చదువు రాని ముసలాయన రోజూ వచ్చి అడిగేవాడు: "నాయనా, గీతకి పైనా, కిందా?"

"పైనే బాబాయ్" అనేవాడు గుమస్తా, సుద్ద చేతులు దులుపుకుంటూ. కింద అయితే, "ఇవాళ పడుకో బాబాయ్, నడుం సుఖపడుతుంది" అనేవాడు. ఆయన నవ్వుకుంటూ వెళ్లిపోయేవాడు. ఒక్కరోజు కూడా ఆయన ఆ మాటను శంకించలేదు.

స్క్రిప్టు రాసేటప్పుడు గుమస్తా చెయ్యి అలవాటు చొప్పున ఆ బల్ల మీద రాసినట్టే రాసింది. ఉన్న ఫైలును తెరువు, మొదటి వరుస నుంచి నిన్నటి దాని మీద ఇవాళ్టిది రాసుకుంటూ దిగు, అయిపోగానే ఆగు. బిళ్ల నంబర్లన్నీ ఒకే పొడవు కాబట్టి, ఒకదాని మీద ఇంకొకటి అతికినట్టు సరిపోయేవి, చిందరవందర ఏమీ కనబడేది కాదు. సీజను మొదట్లో జాబితా రోజురోజుకూ పెరిగేదే గానీ తగ్గేది కాదు గనక, కింద మిగిలేదీ లేకపోయింది. సీజను పోయి జాబితా కురచ అయ్యాక, నిన్నటి తోక అలాగే ఉండిపోయింది. ఆ తోకకొస ముసలాయన. గీత కొట్టడం మాత్రం అతను మర్చిపోయాడు. గీత అనేది మనుషులకు చెప్పనక్కర్లేకుండానే అర్థమయ్యే సంగతి. ఫోను పెట్టెకు అర్థం కాదు. అది అడుగుదాకా చదివింది, ఉన్నవాళ్లందరినీ పిలిచింది.

ఆయన అబద్ధం చెప్పలేదు. ఒక్కసారి కూడా.

సవరించడానికి ఎంతసేపు పట్టిందో చెబితే సిగ్గుచేటు. ఫైలు తెరిచే వరుసలో ఒక్క అక్షరం మార్చాడు. ఉన్నదాని మీద రాయమన్నచోట, మొత్తం తుడిచి రాయమన్నాడు. తీగ పీకి ఉంచే నాలుగైదుసార్లు నడిపించి చూశాడు. పెద్దదిచ్చి చిన్నదిచ్చాడు, చిన్నదిచ్చి పెద్దదిచ్చాడు. ఫైలు తెరను మించలేదు. ఆ ఒక్క అక్షరం అక్కడ పడక ఒక మనిషి ఎన్ని పొద్దులు చీకటితో లేచి బస్సెక్కాడో, గేటు దగ్గర ఎన్ని నవ్వులు మోసుకుని తిరిగివెళ్లాడో.

ఇప్పుడు బేరం తేల్చుకోవాలి. లేచి వెళ్లి మేస్త్రీతో ఒక్క మాట చెబితే ముసలాయన బిళ్ల ఆయన చొక్కా మీదే ఉంటుంది. చెబితే తన చేతిలోంచి పోయేది కూడా గుమస్తా లెక్కవేశాడు. షావుకారు రెండో గిడ్డంగికి బయటినుంచి చదువుకున్నవాణ్ణి పిలిపిస్తాడు. బావమరిది చెవిన పడుతుంది, రాయి విసిరిన గుడ్డివాడి కథ పండగపండక్కీ వినాలి. వీధిలో భార్య మొహం. అన్నిటికంటే, ఆ పేరు తనే పెట్టాడని హమాలీలందరికీ తెలుసు. పోనీ భోజనాల వేళ చెబుదాం అనుకున్నాడు. చెడ్డ సరుకు ఒప్పుకోవడానికి మంచి ముహూర్తం వెతికేవాడు ఎప్పటికీ ఒప్పుకోడు. ఆ సంగతి అతనికి తెలియనిది కాదు.

భోజనాల వేళ డబ్బా పట్టుకుని వరండాలోకి వెళ్లాడు. ముసలాయన ఊరికే కూర్చోలేక, తిరిగొచ్చిన గ్లాసుల పెట్టెలు ఒక్కొక్కటే చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఊపుతున్నాడు. అది ఆయన పని పద్ధతి. విప్పకుండానే, లోపల పగిలింది ఉంటే ఆ చప్పుడు పట్టేసేవాడు. పగిలినవి ఎడమవైపు, మంచివి కుడివైపు.

"రా నాయనా" అని జరిగి చోటిచ్చాడు. ఒక పెట్టె చెవి దగ్గర పెట్టుకున్నవాడు దించి, మళ్లీ పెట్టుకున్నాడు. "ఇది కొంచెం విను. మూల ఎక్కడో ముక్క కదులుతున్నట్టుంది."

గుమస్తా పెట్టె తీసుకుని ఊపాడు. అతని చెవులకు అన్ని పెట్టెలూ ఒకటే. "నాకేం వినబడలేదు బాబాయ్."

"అంతేనంటావా? అయితే లేనట్టే." ఆయన దాన్ని మంచివాటిలో పెట్టేశాడు. ఆయన అలా చెయ్యడం గుమస్తా ఎప్పుడూ చూడలేదు. "నా చెవులు పాడైపోయాయి నాయనా. లేనివి వినిపిస్తున్నాయి. అది మోగే వేళకి మా అమ్మాయి నిద్రలో ఉంటుంది. మొదట్లో నమ్మింది. తర్వాత తర్వాత, 'నాన్నా, నిన్నటి పిలుపు నీకు ఇవాళ వినిపిస్తోంది' అనడం మొదలుపెట్టింది. ఈమధ్య పొయ్యి దగ్గరికి కూడా రానివ్వట్లేదు. మర్చిపోయి ఏం తగలబెడతానో అని దాని భయం."

గుమస్తా డబ్బా మూత తియ్యలేదు.

"మతి పోతున్నట్టు పోయేవాడికే తెలీదంటారు" అన్నాడు ముసలాయన. "నాకు తెలుస్తోంది కదా, ఇంకా పూర్తిగా పోలేదేమోలే." నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "ఒక్క సంగతి అడుగుతాను, నిజం చెప్పు. ఇందాక షెడ్డులో అందరి ఫోన్లూ మోగాయి కదా?"

"మోగాయి బాబాయ్. నేనే, మిషను సరిచూస్తూ..."

"నాది మోగిందా?"

చెప్పాల్సిన మాట నాలుక చివరిదాకా వచ్చింది. మేస్త్రీ వరండా అవతలి కొసన చేతులు కడుక్కుంటున్నాడు. ఇద్దరు హమాలీలు పంపు దగ్గర ఉన్నారు.

"నేను చూడలేదు బాబాయ్" అన్నాడు గుమస్తా.

ముసలాయన తలూపాడు. అనుకున్న ధరే చెప్పినప్పుడు కొనడానికి వచ్చినవాడు తలూపినట్టు. "అదే అనుకున్నాను" అన్నాడు. ఇంకో పెట్టె ఎత్తి చెవి దాకా తీసుకెళ్లాడు. ఊపకుండానే దించి, కుడివైపు పెట్టేశాడు.

మధ్యాహ్నమంతా గుమస్తా బల్ల దగ్గరే కూర్చున్నాడు. ఏ పనీ చెయ్యలేదు, చేస్తున్నట్టు కనబడ్డాడు. పొద్దున చెప్పి ఉంటే అది పొరపాటు. ఇప్పుడు చెబితే పొరపాటుతో పాటు వరండాలో ఆడిన అబద్ధమూ చెప్పాలి. దాచినకొద్దీ బరువు పెరిగే సరుకు ఇదొక్కటే కాబోలు.

ఎండ వాలుతుండగా షావుకారు వచ్చాడు. కుర్చీలో కూర్చున్నాక మేస్త్రీ ముసలాయన్ని పిలిచాడు. వేలిముద్ర కాగితం తీసింది మేస్త్రీ. ఇంకుపెట్టె మూత తీసి పట్టుకోవాల్సింది గుమస్తా. ఆ గిడ్డంగిలో అది మొదటినుంచీ అతని పనే.

"ఏమయ్యా" అన్నాడు షావుకారు గుమస్తాతో, "నీ మిషనే పిలుస్తోందంటాడట ఈయన. ఏంటి కథ?"

అందరూ అతని వైపు చూశారు. ఇంకుపెట్టె అరచేతిలో తడిగా ఉంది.

"పొద్దున్నించి దాన్నే చూశానండి. ఇప్పుడంతా సరిగ్గానే ఉంది."

అందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. నిజాల్నే తూచి ఇచ్చాడు, త్రాసు మీద వేలు పెట్టి.

"ఆయన్ని అడగొద్దు బాబుగారూ" అన్నాడు ముసలాయన. "పాపం, ఆయనేం చేస్తాడు? నా చెవులే."

బొటనవేలు ఇంకులో అద్దడానికి చెయ్యి చాపాడు. ఆ వేలిని గుమస్తా తన చేత్తో పట్టుకుని అద్దించాడు, కాగితం మీద నొక్కించాడు. ముసలాయన బిళ్ల విప్పి బల్ల మీద పెట్టాడు. దాన్ని పిన్నుతో సహా ఇచ్చేశాడు. చొక్కా మీద బిళ్ల ఉన్నంతమేర గుడ్డ వెలిసిపోకుండా ముదురురంగులో గుండ్రంగా మిగిలింది. "వస్తాను నాయనా" అని అతనికి విడిగా చెప్పి, గేటు దాటి బస్సు కోసం నడిచాడు. ఎవరూ ఏ పేరూ పెట్టి పిలవలేదు. మేస్త్రీ కూడా కాసేపు పెట్టెల వంక చూస్తూ నిలబడ్డాడు.

షావుకారు రెండో గిడ్డంగి సంగతి ఎత్తాడు. వచ్చే వారం నుంచి అక్కడ కూడా పెట్టమన్నాడు. "మన ఇంటి మనిషి చేస్తుంటే బయటివాళ్లెందుకు?" అన్నాడు. గుమస్తా భుజం తట్టాడు. గుమస్తా తల వంచుకుని, "అలాగేనండి" అన్నాడు. సిగ్గరి మనిషని అందరూ అనుకున్నారు.

అందరూ వెళ్లాక, తాళంచెవులు చేతిలో పట్టుకుని అతను ఫోను తీశాడు. పదిమందిలో చెప్పలేనిది ఒక్కడికైనా చెప్పాలి. నువ్వు విన్నది నిజం బాబాయ్, నీ మతి లక్షణంగా ఉంది, నువ్వు పొయ్యి దగ్గరికి పోవచ్చు, తప్పు నాది. మన్నింపును కొంచెం చౌకగానే కొందామనుకున్నాడు గానీ, కొందామనే అనుకున్నాడు. నంబరు నొక్కాడు. చాలాసేపు మోగాక ఎత్తారు.

"బాబాయ్" అన్నాడు. పలకరింపుగా, అలవాటైన నవ్వు తెచ్చుకుని మళ్లీ అన్నాడు. "బాబాయ్, నేనే."

అవతల ఊపిరి వినబడింది. తర్వాత ముసలాయన గొంతు, ఫోనుకు దూరంగా, ఇంట్లో ఎవరితోనో చెబుతూ వినబడింది.

"అమ్మాయ్, మళ్లీ వినిపిస్తోందే."

"పెట్టెయ్ నాన్నా" అంది ఒక ఆడగొంతు, పాత్రల చప్పుళ్ల మధ్యనుంచి. "అక్కడ ఎవరూ లేరు."

"బాబాయ్, ఒక్క మాట..."

పెట్టేశాడు. ఆ ఫోనులో ఆయనకు తెలిసినవి రెండే, ఎత్తడం, పెట్టెయ్యడం. గుమస్తా మళ్లీ చేశాడు. ఈసారి మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తలేదు. జేబు మీద అదిమిపట్టిన అరచెయ్యి అతని కళ్లకు కట్టింది. ఇంకోసారి చెయ్యడానికి ధైర్యం చాలలేదు. ఎన్నిసార్లు మోగిస్తే ఆయన రోగం అంత ముదిరిందని ఆ ఇంట్లో అనుకుంటారు.

రేపు బస్సెక్కి వెళదాం అనుకున్నాడు. తనను తాను ఎరిగిన మనిషి కాబట్టి, ఆ మాటకు ఎంత విలువ కట్టాలో అతనికి తెలుసు.

తాళం వెయ్యబోయి, వరండాలో కుడివైపు పేర్చిన పెట్టెల దగ్గర ఆగాడు. భోజనాల వేళ తను ఊపిన పెట్టెను వెతికి తీసి, మళ్లీ చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. ఏమీ వినబడలేదు. తాడు విప్పి చూశాడు. మూలనున్న గ్లాసు అంచు విరిగి, గోరంత ముక్క అడుగున పడి ఉంది.

పొద్దున ఏం చేతపట్టుకుని కూర్చున్నాడో అదంతా సాయంత్రానికి పదిలంగానే ఉంది. బల్ల ఉంది, కంప్యూటరు ఉంది, మంచిపేరు రెట్టింపయింది, స్క్రిప్టులో తప్పు లేదు. రేపటి జాబితా ఎక్కడ ఆగాలో అక్కడే ఆగుతుంది, కింద ఎవరూ మిగలరు. పైపెచ్చు చేరింది ఒకటుంది. వరండా గోడ మేకుకు తగిలించి, తీసుకెళ్లడం మర్చిపోయిన చుట్టకుదురు, మధ్యలో ఒక తల పట్టేంత గుంటతో.